గోడ అడుగున మొజాయిక్ పూత

మొజాయిక్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది నేల. తాతల కాలం ఇళ్లలో, పాత స్కూళ్లలో, బస్టాండుల్లో తెల్లటి గచ్చు మధ్య నల్లవీ ఎర్రవీ ఆకుపచ్చవీ రాతి ముక్కలు కనిపిస్తుంటాయి కదా, అది. ఈ వ్యాసం దాని చుట్టం గురించి. ఇది నేలకి కాకుండా గోడకి వేసేది. అది కూడా గోడంతా కాదు, గోడ అడుగున రెండడుగుల పట్టీ, గేటు స్తంభాలు, కిటికీ చుట్టూ అంచు, మెట్ల పక్క గోడ, ఇలాంటి చిన్న చిన్న చోట్లకి. షాపుల్లో మొజాయిక్ ప్లాస్టర్ అనో, స్టోన్ చిప్ టెక్స్చర్ అనో అంటారు. మా ఊరి మేస్త్రి గారు మొజాయిక్ పూత అన్నారు. నాకు ఆ మాట నచ్చింది, అదే వాడతాను.

సీఎస్ఈ వాడికి గోడల గోల ఎందుకు అని సివిల్ మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కానీ ఒక గోడ గురించి మా ఇంట్లో నెల రోజులు వాదన నడిచింది. అందులో పెళ్లి ఉంది, డబ్బు ఉంది, కొంచెం ఫిజిక్స్ ఉంది, ఇంకొంచెం కెమిస్ట్రీ ఉంది. మన ఇంజనీరింగ్ కెమిస్ట్రీ పుస్తకంలో పాలిమర్లు అనే చాప్టర్ పరీక్ష తర్వాత కూడా పనికొస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ముందు ఆ పదార్థం ఏమిటో చూద్దాం.

రాతి ముక్కల్ని ఏదో ఒక జిగురుతో పట్టి ఉంచడం అనే ఒకే ఆలోచనకి మన దగ్గర మూడు రూపాలున్నాయి. నేల మొజాయిక్‌లో పట్టి ఉంచేది సిమెంటు. అది గట్టిపడ్డాక మెషిన్‌తో పైపొర అరగదీస్తే లోపలి రాయి నున్నగా బయటపడుతుంది. రెండోది గ్రిట్ వాష్. పాత ఆఫీసుల ముందు గోడలు చేత్తో తడిమితే గరుకుగా తగులుతాయే, అది. అక్కడా సిమెంటే, కానీ అరగదీయరు. చిప్స్ కలిపిన సిమెంటు గోడకి పూసి, అది పూర్తిగా బిగుసుకోక ముందే బ్రష్‌తో, నీళ్లతో పైపైన కడిగేస్తారు. సిమెంటు పోయి రాయి తేలుతుంది. మూడోది మన మొజాయిక్ పూత. ఇందులో సిమెంటే ఉండదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల సైజు రంగు రాతి గింజలు, వాటిని అంటించే అక్రిలిక్ జిగురు, అంతే. బకెట్లో కలిపే వస్తుంది. మూత తీసి, కలిపి, పూయడమే. అరగదీయడం లేదు, కడగడం లేదు.

ఇది యూరప్‌లో బాగా వాడుకలో ఉన్న పూత. జర్మన్లు దీన్ని బుంట్‌స్టైన్‌పుట్జ్ అంటారు, అంటే రంగు రాళ్ల పూత. పోలండ్ వాళ్ల పేరు తింక్ మొజాయికోవి. అక్కడ ఎక్కువగా వేసేది గోడ అడుగు భాగానికే. కారణం సింపుల్: వాన చినుకు నేల మీద పడి ఎగిరి, బురదతో సహా గోడ మీద అడుగు ఎత్తు దాకా చిమ్ముతుంది. మామూలు పెయింట్ అయితే ఒక్క సీజన్లో ఆ పట్టీ అంతా మట్టి రంగు. ఈ పూత గట్టిది, కడిగితే పోతుంది, పైగా నాలుగు రంగుల గింజలు కలిసి ఉంటాయి కాబట్టి కొంచెం మురికి ఉన్నా కంటికి తెలియదు.

కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. వాన నీళ్లు చిమ్మేది గోడ అడుగునే. భూమిలోంచి చెమ్మ పైకెక్కేదీ గోడ అడుగునే. బయటి నుంచి వచ్చే నీటిని ఈ పూత బాగా ఆపుతుంది. లోపలి నుంచి, వెనక నుంచి వచ్చే నీటికి మాత్రం ఇది లొంగిపోతుంది. మా ఇంట్లో జరిగిన వాదనంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే.

పాలలాంటి జిగురు

బకెట్ మూత తీయగానే గింజలు తెల్లటి పాలలో నానినట్టు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు "రంగు తప్పు పంపించారు" అని కంగారు పడతారు. తప్పేం కాదు. ఆ జిగురు ఒక ఎమల్షన్. నీళ్లలో అక్రిలిక్ పాలిమర్ తాలూకు అతి చిన్న గోళీలు తేలుతుంటాయి, ఒక్కోటి వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు. అవి వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. పాలు తెల్లగా ఉండటానికీ దాదాపు ఇదే కారణం, అక్కడ కొవ్వు బొట్లు, ప్రోటీన్ ముద్దలు ఆ పని చేస్తాయి.

గోడకి పూశాక నీళ్లు ఆవిరవుతాయి. గోళీలు ఒకదానికొకటి ఆనుకుని, నొక్కుకుని, చివరికి కలిసిపోయి ఒకే పొరగా మారతాయి. ఇప్పుడు వెలుతురుని చెదరగొట్టే గోళీలు లేవు. పొర గాజులా పారదర్శకంగా అవుతుంది, లోపలి రాళ్ల రంగులు తేలతాయి, తడిసిన గులకరాళ్లలా మెరుస్తాయి. అంటే పూత తెల్లగా ఉన్నంతసేపూ ఇంకా ఆరలేదని అర్థం. ఇంతకంటే మంచి స్టేటస్ ఇండికేటర్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.

ఇదే వెనక్కి కూడా జరుగుతుంది. గోడ లోపల చెమ్మ ఎప్పుడూ ఉంటే, ఆ పొర నీటిని పీల్చుకుని మళ్లీ తెల్లబడుతుంది, మెత్తబడుతుంది, గోడ నుంచి పట్టు వదులుతుంది. మా వీధి చివర ఒక ఇంటికి ఇలాగే వేయించారు. ఒక్క వానాకాలం తిరిగేసరికి ఆ పట్టీ బుడగలు లేచి, అప్పడాల్లా ఊడి వచ్చింది. రాళ్లు మంచివే, జిగురూ మంచిదే. గోడ తడిది, అంతే.

గోడ కథ

మా నాన్నమ్మ వాళ్ల ఇల్లు భీమవరం దగ్గర ఒక పల్లెటూళ్లో. చుట్టూ కాలవలు, చేపల చెరువులు. నాలుగడుగులు తవ్వితే నీళ్లు, అందులోనూ చాలా చోట్ల ఉప్పు నీళ్లు. ఇల్లు ముత్తాత గారు ఇటుక, సున్నంతో కట్టించింది. తర్వాత ఎప్పుడో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. మాఘంలో పెదనాన్న కూతురు, అంటే మా అక్క పెళ్లి. ఇంటి ముందే పందిరి. సంక్రాంతి సెలవులకి నేను వెళ్లేసరికి ముందు గోడ అడుగున రెండడుగుల మేర ప్లాస్టరింగ్ పెచ్చులు పెచ్చులుగా ఊడి, దాని మీద తెల్లగా బూజులాంటి పొడి. అక్క అప్పటికే ఫోన్లో ఒక ఫొటో సేవ్ చేసి పెట్టుకుంది: బూడిద, బంగారు రంగు గింజలు కలిపిన మొజాయిక్ పట్టీ. షాపులో అడిగితే "ఇది వాటర్‌ప్రూఫ్ అండీ, ఎలాంటి గోడ మీదైనా వేసేయొచ్చు" అన్నారట. పెదనాన్న సరే అన్నారు. ఇరవై రోజుల్లో పెళ్లి.

మేస్త్రి గారు వచ్చి గోడని చూశారు. ఫొటో చూడలేదు. గోటితో ప్లాస్టర్ గీకారు, ఆ తెల్లపొడి వేలితో తీసి చూశారు.

"రంగుదేవుందండి, ఎప్పుడైనా ఏసుకోవచ్చు. ముందు నీళ్లు ఎక్కణ్ణించి వత్తన్నాయో సూడాలండి."

"పెళ్లికి అవుద్దా అవదా, అది చెప్పు మేస్త్రీ," అన్నారు పెదనాన్న.

"ఏత్తే అవుద్దండి. ఉంటదా అంటే ఉండదండి."

ఆ తెల్లపొడి బూజు కాదు, ఉప్పు. ఇటుకలో కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. కిరోసిన్ దీపంలో ఒత్తి నూనెని పైకి లాగినట్టు అవి భూమిలోని నీటిని పైకి లాగుతాయి. నీటితో పాటు కరిగిన లవణాలూ వస్తాయి. గోడ ఉపరితలం నుంచి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆ స్ఫటికాలు పెరిగే కొద్దీ లోపలి నుంచి ప్లాస్టర్‌ని నెడతాయి. పెచ్చులూడటం అంటే అదే. మా ఊళ్లో దీన్ని నిమ్ము అంటారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను డ్యాంప్‌నెస్ అనేవాణ్ణి. నిమ్ము అనే మాటలోనే ఆ చల్లదనం తెలుస్తోంది, ఇకనుంచి అదే వాడతాను.

ఇప్పుడు ఆలోచించండి. ఆ గోడకి ఊపిరి ఆడుతోంది కాబట్టే నీరు బయటికి పోతోంది. దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ లాంటి పొర వేసి మూసేస్తే? నీటికి దారి దొరకదు. అయితే పొరని నెట్టుకుని బయటికి వస్తుంది, లేదా పొర అయిపోయే చోటు దాకా ఇంకా పైకి ఎక్కుతుంది. రెండడుగుల నిమ్ము మూడడుగులవుతుంది. కనపడకుండా కప్పామనుకున్నది కిటికీ కిందకి తేలుతుంది.

దీనికి చిన్న పరీక్ష ఉంది, రూపాయి ఖర్చు లేదు. అడుగు చదరం పాలిథిన్ కవరు ముక్క తీసుకుని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించాలి. ఒకటి రెండు రోజులాగి చూడాలి. కవరు లోపలి వైపు, అంటే గోడకి ఆనుకున్న వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోంది. బయటి వైపు పడితే అది గాలిలోని తేమ. మేం మూడు చోట్ల అంటించాం: గోడ అడుగున, అదే గోడకి నాలుగడుగుల ఎత్తులో, గేటు స్తంభం మీద. మర్నాటికే అడుగున ఉన్న కవరు లోపల బొట్లు బొట్లుగా నీళ్లు. మిగతా రెండూ పొడి. అక్కకి ఎంత చెప్పినా వినని మాట ఆ కవరు చెప్పింది. అక్క మొహం చిన్నబుచ్చుకుంది గానీ ఇంక వాదించలేదు.

నీళ్లు ఎక్కణ్ణించి? భూమిలోంచి కొంత, అది ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా వచ్చిన కారణం రోడ్డు. మన పల్లెటూళ్లలో పాత సిమెంటు రోడ్డు తీయరు, దాని మీదే ఇంకో రోడ్డు పోస్తారు. పోసినప్పుడల్లా రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పల్లంలో పడుతుంది. మా వాళ్లు వాన నీళ్లు లోపలికి రాకూడదని వాకిలి కూడా మట్టి పోసి ఎత్తు చేశారు. ఆ మట్టి, దాని మీద పెట్టిన బంతి మొక్కల మడి, గోడ అడుగు భాగాన్ని ముప్పావు అడుగు మేర కప్పేశాయి. మొక్కలకి రోజూ పోసే నీళ్లన్నీ గోడకి పోసినట్టే. పైగా డాబా మీద వాన నీళ్లు దిగే గొట్టం సరిగ్గా అక్కడే ముగుస్తోంది. నాకు ఇది కోడ్‌లో బగ్ వెతకడంలా అనిపించింది. ఎర్రర్ కనపడే లైను ఒకటి, తప్పు ఉన్న లైను ఇంకోటి.

చేసిన పని ఇది. మడి తీసేసి, గోడ పొడవునా మట్టి తొమ్మిది అంగుళాలు కిందికి దించారు. గోడ నుంచి అవతలికి అడుగుకి పావు అంగుళం వాలు ఉండేలా సన్నని సిమెంటు పట్టీ పోసి, ఆ చివర చిన్న కాలవ తీశారు. గొట్టానికి వంపు ముక్క తగిలించి నీళ్లు ఆ కాలవలోకి మళ్లించారు. ఊడుతున్న సిమెంటు ప్లాస్టర్ గీకేశారు. ఉప్పుని నీళ్లతో కడగలేదు, పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తి పారేశారు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఇంత చేసినా గోడ వారంలో ఆరదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఆరడానికి నెలలు పడుతుంది. కాబట్టి పెళ్లికి ఆ పట్టీ మీద మొజాయిక్ లేదు.

మరి పెచ్చులూడిన గోడతో పెళ్లి చేస్తారా? నాన్నమ్మ తేల్చేసింది. "జాజు పెట్టండి, ముగ్గేస్తాను." సున్నం, ఇసుకతో గుంటలు పూడ్చి, పైన సున్నం కొట్టి, అడుగున ఎర్ర జాజు పట్టీ, దాని మీద తెల్ల ముగ్గు గీతలు. సున్నమూ జాజూ గోడ ఊపిరికి అడ్డం రావు, నిమ్ము బయటికి పోతూనే ఉంటుంది. నాలుగు నెలలకి వెలిసిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. నా అభిప్రాయం అడిగితే పెళ్లి ఫొటోల్లో అదే బాగుంది. అక్క అభిప్రాయం మాత్రం నేను రాయను.

స్తంభాలకి పూత

గేటు స్తంభాలు పొడిగా ఉన్నాయి కదా, అక్క పట్టుబట్టి వాటికి మొజాయిక్ వేయించింది. కాబట్టి పని ఎలా జరుగుతుందో దగ్గరుండి చూశాను.

ముందు ఎంత కొనాలో లెక్క. ఒక్కో స్తంభం అడుగున్నర చదరం, నాలుగడుగుల ఎత్తు దాకా పూత, ఒక వైపు ప్రహరీ గోడ ఆనుకుని ఉంది కాబట్టి మూడు ముఖాలు. మూడు ముఖాలు, ఒక్కోటి అడుగున్నర ఇంటూ నాలుగు, మొత్తం 18 చదరపు అడుగులు. రెండు స్తంభాలకి 36, అంటే దాదాపు 3.3 చదరపు మీటర్లు. పూత మందం గింజ సైజుకి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. గింజ 1.5 మిల్లీమీటర్లయితే మందం సుమారు 2.25. చదరపు మీటరుకి 2.25 లీటర్ల జాగా. అందులో 60 శాతం రాయి అనుకుంటే 1.35 లీటర్లు. రాయి సాంద్రత 2.7 కాబట్టి 3.6 కిలోల పైచిలుకు. జిగురు కలిపితే 4 కిలోలు దాటుతుంది. 4.2 అనుకుందాం. 3.3 చదరపు మీటర్లకి 14 కిలోలు, కింద రాలేదానికి పది శాతం కలిపితే 15.4. బకెట్ మీద రాసిన లెక్క కూడా దగ్గర దగ్గరగా ఇంతే ఉంది. ఎప్పుడూ బకెట్ మీద రాసిందే ఫైనల్, మన లెక్క అది నమ్మదగ్గదో కాదో చూసుకోవడానికే.

ఇక్కడ 15 కిలోల బకెట్ కొంటే సరిగ్గా ఆఖరి ముఖంలో దాదాపు చదరపు అడుగు జాగాకి చాలదు. అప్పుడు ఇంకో బకెట్ తేవాలి, అది వేరే బ్యాచ్ అయితే గింజల రంగులో తేడా రావచ్చు. అందుకని 25 కిలోలది కొన్నాం. చిన్న పనికి మిగిలిపోతుందని బాధపడక్కర్లేదు. ఆ మిగిలింది ఎంత విలువైనదో తర్వాత చెప్తాను.

ఇక పని. చిత్రమేంటంటే సిమెంటు పనిలో మేస్త్రి చేతికి అలవాటైనవన్నీ ఇక్కడ తిరగబడతాయి. సిమెంటు ప్లాస్టరింగ్‌కి ముందు గోడ తడుపుతారు. దీనికి తడపకూడదు, గోడ ఎముకలా ఆరి ఉండాలి. సిమెంటు అయ్యాక రోజులతరబడి నీళ్లు కొడతారు. దీనికి చుక్క నీరు తగలకూడదు, వాన సూచన ఉంటే అసలు మొదలుపెట్టకూడదు. సిమెంటు ముద్ద బిగుస్తుంటే నీళ్లు చిలకరించి కలుపుతారు. దీంట్లో ఇష్టం వచ్చినట్టు నీళ్లు కలిపితే గింజలు జారిపోతాయి, గోడ మీద నిలవవు. ఇదంతా మా మేస్త్రి గారికి తెలుసు. ఆయన వెంట వచ్చిన కుర్రాడు అలవాటు చొప్పున మగ్గుతో నీళ్లు తెచ్చాడు.

"తడిపేవంటే అంతేరా. ఇది సిమెంటు కాదు," అని మగ్గు లాక్కున్నారు.

పాత ప్లాస్టర్ గట్టిగా ఉంటే దుమ్ము దులిపి, రంగు పెచ్చులు గీకి, ప్రైమర్ వేయాలి. కొత్త సిమెంటు ప్లాస్టర్ అయితే 28 రోజులు ఆగాల్సిందే. కొత్త సిమెంటులో క్షారం ఎక్కువ, అది పూతని పాడు చేస్తుంది, తెల్ల మరకలు తెస్తుంది. ప్రైమర్ తెల్లది కాకుండా గింజల రంగుకి దగ్గరగా ఉన్నది వాడితే మంచిది, ఎందుకంటే గింజల మధ్య సందుల్లోంచి వెనక రంగు తొంగిచూస్తుంది. ఇసుక కలిపిన ప్రైమర్ అయితే గోడ గరుకవుతుంది, పూతకి పట్టు దొరుకుతుంది.

బకెట్లో గింజలు అడుగుకి దిగి ఉంటాయి, నెమ్మదిగా కలపాలి. డ్రిల్ మెషిన్‌కి కలిపే కడ్డీ తగిలించి ఫుల్ స్పీడులో తిప్పితే జిగురు నురగ వస్తుంది, గింజలు నలుగుతాయి. మేస్త్రి గారు వెదురు కర్రతో కలిపించారు. తాపీ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది కావాలి, మామూలు ఇనుప తాపీ అయితే తుప్పు మరక పారదర్శకమైన జిగురులో శాశ్వతంగా ఉండిపోతుంది. కింది నుంచి పైకి పూసి, ఒకే మందానికి లాగి, పూత ఇంకా తడిగా ఉండగానే ఒకే దిశలో తాపీ బల్లపరుపుగా పట్టి నునుపు చేయాలి. అటు ఒకసారి ఇటు ఒకసారి రుద్దితే ఆరాక ఆ గీతలన్నీ వెలుగులో కనిపిస్తాయి. ఒక ముఖం మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా ఆగకూడదు. సగం దాకా పూసి టీ తాగి వస్తే, ఆరిన అంచుకీ కొత్త తడికీ మధ్య అతుకు పడుతుంది. ఎండ పడే గోడకి అసలు వేయకూడదు. పైన చెమ్డా కట్టేసి తాపీకి లాక్కొస్తుంది. మేం పొద్దున్నే మంచు విడిచాక, ఎండ అటు తిరగక ముందే రెండు స్తంభాలూ ముగించాం.

ఒక విషయం నాకు అప్పుడు అర్థం కాలేదు. స్తంభం చుట్టూ సరిగ్గా రెండడుగుల ఎత్తులో అర అంగుళం వెడల్పు మాస్కింగ్ టేపు అంటించి, దాని కిందా పైనా విడివిడిగా పూయించారు. పూత తడిగా ఉండగానే టేపు లాగేశారు. (ఆరాక లాగితే అంచు గింజలు ఊడి వస్తాయి.) స్తంభానికి నడుము పట్టీలా ఒక గీత మిగిలింది. పెదనాన్న "ఆ గీత దేనికి, అందానికా?" అన్నారు.

"అందానికీ ఉంటదండి. రేపు బండేదైనా గుద్దిందనుకోండి, సగమే పీకుదామండి."

మాట నోట్లో ఉండగానే జరగలేదు గానీ, ఇరవై రోజుల్లో జరిగింది. పెళ్లి మర్నాడు షామియానా సామాను తీసుకెళ్లే వ్యాను రివర్స్ చేస్తూ ఎడమ స్తంభం మూల కొట్టేసింది. అరచేయంత పూత, దాని వెనక ప్లాస్టర్ ముక్కతో సహా రాలిపోయింది.

అతుకు ఎక్కడ వేయాలి

అరచేయంత దెబ్బకి అరచేయంత అతుకు వేస్తే చాలు కదా అనిపిస్తుంది. వేస్తే ఏమవుతుందంటే, ఆ అతుకు జీవితాంతం కనిపిస్తుంది. రంగు ఒకటే అయినా సరే. మన కన్ను రంగు తేడా కంటే అంచుని త్వరగా పట్టుకుంటుంది. ఇమేజ్ ప్రాసెసింగ్ చదివినవాళ్లకి ఎడ్జ్ డిటెక్షన్ గుర్తుండే ఉంటుంది. పక్కపక్క పిక్సెళ్ల విలువలు ఎక్కడ గబుక్కున మారతాయో అక్కడ గీత గీస్తుంది ఆ ప్రోగ్రాం. కన్నూ అలాంటి పనే చేస్తుంది. గింజల మధ్య ఎన్ని రంగులున్నా అవి చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి కన్ను పట్టించుకోదు. అతుకు అంచు మాత్రం ఒక వరుసలో ఉంటుంది. అక్కడ మందం కాస్త ఎక్కువ తక్కువ, గింజలు పరుచుకున్న తీరు వేరు. ఆ వరుస దొరికిందంటే ఇంక వదలదు.

అందుకని అంచుని దాచడం కాదు, ముందే అంచు ఉన్న చోటికి అతుకుని తీసుకెళ్లాలి. స్తంభం మూల ఒక అంచు. నేల ఒక అంచు. ఆ నడుము గీత ఒక అంచు. దెబ్బ మూల మీద తగిలింది కాబట్టి రెండు ముఖాలు, గీత కింద భాగం మొత్తం పీకాలి. గీత లేకపోతే రెండు ముఖాలూ నాలుగడుగుల ఎత్తూ, 12 చదరపు అడుగులు, దాదాపు 4.7 కిలోలు. గీత ఉంది కాబట్టి 6 చదరపు అడుగులు, రెండు కిలోల పైన కొంచెం. ప్రోగ్రాంని చిన్న చిన్న ఫంక్షన్లుగా రాయమని మా లెక్చరర్ సెమిస్టరంతా చెప్పింది మేస్త్రి గారు మాస్కింగ్ టేపుతో చేసి చూపించారు.

పీకే ముందు తాపీ పిడితో గోడంతా తట్టి చూడాలి. గట్టి చోట టక్ మంటుంది, లోపల వదిలేసిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్నంత మేరా తీయాలి. వెనక ప్లాస్టర్ విరిగింది కాబట్టి దాన్ని సిమెంటుతో కట్టి, మళ్లీ అదే 28 రోజులు. పెదనాన్నకి ఆ నెల రోజులు విరిగిన స్తంభం చూడటం కష్టంగానే ఉండింది. ఉగాది లోపల అవ్వాలన్నారు, మేస్త్రి గారు లెక్కపెట్టి అవదన్నారు. ఆ తర్వాత ఒక రోజు తెల్లవారుజామున, ఎండ ముదిరిపోయే రోజులు కాబట్టి ఆరింటికే మొదలుపెట్టి వేశారు. వేసే ముందు పాత భాగమంతా మెత్తని బ్రష్‌తో కడిగి ఆరబెట్టారు. కడక్కపోతే పాతది దుమ్ము రంగు, కొత్తది కొత్త రంగు, ఒకే బకెట్ లోంచి వచ్చినా రెండు రకాలుగా కనిపిస్తాయి. పీకిన ముఖాలకి ప్రైమర్, గీత మీద టేపు, పూత, నునుపు, టేపు లాగడం, అన్నీ మళ్లీ అదే వరస.

ఆ రెండు కిలోలు వచ్చింది మిగిలిన బకెట్ లోంచే. 25లో 15 పోగా మిగిలిన పది కిలోల్ని మూత బిగించి, మెట్ల కింద నీడలో పెట్టించారు. మూత మీద స్కెచ్ పెన్నుతో తేదీ, బ్యాచ్ నంబరు, "గేటు స్తంభాలు" అని రాసింది నేనే. తీసినప్పుడు పైన చెమ్డా కట్టి ఉంటే దాన్ని కలిపేయకూడదు, ఎత్తి పారేయాలి. కలిపితే పూతలో జిగురు ఉండలు తేలతాయి. ఇప్పుడు అందులో ఇంకా ఏడు కిలోల పైనే ఉంది. అక్క అడిగిన ముందు గోడ పట్టీకి అది చాలదు, ఆ పట్టీకి వేరే లెక్క, వేరే బకెట్.

ఆ గోడకి మే నెలలో మళ్లీ పాలిథిన్ కవర్లు అంటించాం. కిటికీ వైపు రెండూ పొడిగా ఉన్నాయి. గొట్టం దిగే మూల దగ్గర అంటించిన కవరులో మాత్రం నాలుగు బొట్లు. ఈ వానాకాలం గడిచి, కార్తీకం వెళ్లాక ఇంకోసారి అంటిస్తాం. అందాకా అక్కడ జాజే.